కాలువ చేపల కోసం ఆరడుగుల తొట్టి

నవంబర్ 9

కొలతలు ఖాయం చేశాను. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. హాల్లో ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు.

ఇంత పెద్దది ఎందుకని మా ఆయన అడిగారు. కారణం చేపలే. నాకు కావాల్సినవి షాపులో దొరికే రంగురంగుల చేపలు కావు. కైకలూరు దగ్గర మా ఊళ్ళో, పొలానికి నీళ్ళు పారే బోదెలో చిన్నప్పుడు చూసిన చేపలు కావాలి. పరిగెలు, చారల గౌరామీలు, ఒళ్ళంతా అద్దంలా ఉండి లోపలి ముల్లు కూడా కనబడే గాజు చేపలు, ఇసుకలో దాక్కుని ముక్కు మాత్రం బయటపెట్టే బొమ్మిడాయిలు. పరిగెలు గుంపుగా ఒక్క ఊపులో ఈ చివర నుంచి ఆ చివరకు పోతాయి. ఇప్పుడున్న మూడడుగుల తొట్టిలో వేస్తే అలా తోక ఆడించగానే ఇలా గోడ తగులుతుంది. అందుకే పొడవు దగ్గర రాజీ పడదలుచుకోలేదు.

ఎత్తు మాత్రం కావాలనే తగ్గించాను. అడిగిన ప్రతి చోటా రెండున్నర అడుగులు పెట్టించుకోండి, చూడ్డానికి నిండుగా ఉంటుంది అన్నారు. లెక్క వేస్తే భయం వేసింది. అద్దం అడుగున పడే ఒత్తిడి నీళ్ళ లోతును బట్టే ఉంటుంది. అద్దం మొత్తం మీద పడే తోపు అయితే లోతు రెట్టింపైతే నాలుగింతలవుతుంది. 22 అంగుళాల నీళ్ళకు ముందు అద్దాన్ని బయటకు తోసే బలం దాదాపు 280 కిలోలు. ఇంకో ఆరంగుళాలు నింపితే అది 450 దాటుతుంది. పైగా అడుగున మొక్క నాటాలంటే నా చెయ్యి అందాలి కదా. భుజం దాకా కొలిచి చూసుకున్నాను, 24 అంగుళాలు. ఎత్తు అక్కడితో ఆగిపోయింది.

నవంబర్ 23

బరువు సంగతి తేలేదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకూడదనుకున్నాను. మాది హైదరాబాదులో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు.

నీళ్ళు 590 లీటర్లు, అంటే 590 కిలోలు. తొట్టి అద్దాలు, పైన వచ్చే పట్టీలు కలిపి 135. కింద ఫిల్టర్ తొట్టి, దానిలో నీళ్ళు 105. ఇసుక 80, రాళ్ళు 40, ఇనుప స్టాండు 90. మొత్తం వెయ్యి కిలోల పైమాటే. ఇదంతా పన్నెండు చదరపు అడుగుల చోటులో నిలబడాలి. ఇళ్ళ గదులకు మన ప్రమాణం, ఐఎస్ 875 రెండో భాగం, చెప్పే భారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. నా తొట్టి కింద పడేది చదరపు మీటరుకు 900 పైన. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

అపార్ట్‌మెంట్ ఆఫీసులో స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉన్నాయి. వాటి జిరాక్సు తీయించి, ఫీజు కట్టి, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును ఇంటికి పిలిచాను. ఆయన ముందుగా చెప్పిన మాట, ఆ 200 కిలోలు గది మొత్తం మీద పరిచినట్టు లెక్క, ఒక చోట ఎక్కువైనంత మాత్రాన స్లాబు కూలిపోదు, కానీ ఎక్కడ పెడుతున్నారన్నది చాలా ముఖ్యం అని. స్లాబు నడిమధ్యలో పెడితే తను ఒప్పుకోనన్నారు. తూర్పు గోడ కింద రెండు పిల్లర్ల మధ్య బీము పోతోంది. తొట్టి పొడవు ఆ బీము వెంట, గోడకు ఆనించి, ఒక చివర పిల్లరుకు దగ్గరగా ఉండాలి. తొట్టి దగ్గర్లో బరువైన అల్మారా లాంటిది పెట్టకూడదు. స్టాండు కాళ్ళు విడివిడిగా నేలను పొడవకుండా కింద కూడా చుట్టూ ఫ్రేము రావాలి. ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

ఇంట్లో ఇంకో లెక్క ఉంది. అమ్మకు వాస్తు పట్టింపు. ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదే, కానీ ఈశాన్యంలో బరువు పెట్టకూడదు అంటుంది. తొట్టి అంటే నీళ్ళూ అవే, బరువూ అదే. ఇంజినీరు గారు చూపించిన పిల్లరు ఆగ్నేయం వైపు ఉంది. తొట్టిని తూర్పు గోడకే ఆ చివరకు జరిపితే ఈశాన్యం మూల నాలుగడుగులు ఖాళీగా ఉంటుంది. అమ్మ టేపు పట్టుకుని తనే కొలిచి సరే అంది.

డిసెంబర్ 7

తయారు చేసే మేస్త్రీ దొరికాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. వరంగల్ వైపు మనిషి. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని ఇతన్ని ఎంచుకోవడానికి కారణం, మిగతా ఇద్దరూ ధర చెప్పారు, ఇతను మాత్రం ముందు లిఫ్టు కొలత అడిగాడు. కట్టిన తొట్టి మా లిఫ్టులో పట్టదు. మెట్ల మలుపు దగ్గర తిరగదు. అందుకని అద్దాలు విడిగా పైకి తెచ్చి హాల్లోనే అతికించాలి.

అద్దం మందం 12 మిల్లీమీటర్లు. ముందు అద్దం ఒక్కటే ఎక్స్‌ట్రా క్లియర్, మిగతావి మామూలువి. మామూలు అద్దంలో ఇనుము పాలు ఎక్కువ, మందం పెరిగేకొద్దీ ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి వెనక తెల్ల కాగితం పట్టుకుంటే తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది. గాజు చేపల్ని చూడాలనుకున్న నాకు ఆ ఖర్చు ఎక్కువనిపించలేదు.

టఫెన్డ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం, వద్దనుకున్నాం. దాని బలం దానిదే, కానీ ఒకసారి టఫెన్ చేశాక రంధ్రం వేయడం కుదరదు. పగిలితే అద్దం అద్దమంతా చిన్న ముక్కలై ఒక్కసారి రాలిపోతుంది. మామూలు అద్దమైతే చాలాసార్లు ముందు బీట పడుతుంది, నీళ్ళు తోడుకునే టైము ఉంటుంది. వెనక అద్దానికి నీళ్ళు దిగే రంధ్రాలు రెండు వేయాలి. అంచుకు మరీ దగ్గరగా వేయొద్దని, రంధ్రం వెడల్పంత దూరమైనా వదలాలని ఆర్డరు కాగితం మీదే గీసి ఇచ్చాను. అన్ని అంచులకూ పాలిష్.

డిసెంబర్ 22

స్టాండు వచ్చింది. రెండంగుళాల చదరపు ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు) పైపు, ఆరు కాళ్ళు, పైనా కిందా ఫ్రేము. రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, దానిపైన నల్ల ఎనామిల్.

లెవెల్ చూడ్డానికి నా దగ్గర రెండడుగుల స్పిరిట్ లెవెల్ ఉంది. అది పెడితే బుడగ మధ్యలోనే ఉంది. మేస్త్రీ నమ్మలేదు. కింద ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రీ దగ్గర నీళ్ళ ట్యూబు తెచ్చి రెండు చివరలా పట్టాం. ఆరడుగులకు 4 మిల్లీమీటర్ల తేడా ఉంది, ఉత్తరం వైపు పల్లం. స్టాండు తప్పు కాదు, టైల్సు వాలు. ఆ వైపు కింది ఫ్రేము పొడుగునా పలుచని ఇనుప పట్టీలు దూర్చి సరిచేశాం. నీళ్ళు పోశాక ఇది మార్చే వీలుండదు. తొట్టి కాస్త వంగి ఉంటే నీటి గీత వంకరగా కనబడటం ఒక్కటే కాదు, బరువంతా ఒక మూలకు చేరి అతుకు మీద పడుతుంది.

జనవరి 4

అద్దాలు వచ్చాయి. ముందు అద్దం ఒక్కటే 33 కిలోలు. ఇద్దరు మోసుకొచ్చి లిఫ్టులో నిలబెట్టి తెచ్చారు. అన్నీ టేపుతో కొలిచాను, పక్క అద్దాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు చేత్తో తడిమి చూశాను. తేడా లేదు.

పని ఉదయం పదింటికి మొదలైంది. స్టాండు మీద ప్లైవుడ్, దానిమీద థర్మోకోల్ షీటు, దానిమీద అడుగు అద్దం. ప్లైవుడ్ మీద ఇసుక రవ్వ ఒక్కటి మిగిలినా అద్దం మీద ఒత్తిడంతా అక్కడే పడుతుందని థర్మోకోల్ వేస్తారు. అంచులన్నీ ఎసిటోన్‌తో తుడిచి, అతుకుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించారు. సిలికాన్ అక్వేరియంకు పనికొచ్చే రకమేనా అని ప్రతి ట్యూబు మీదా చదివాను. బాత్రూముల్లో వాడే రకంలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం. గన్ను నొక్కగానే ఇల్లంతా వెనిగర్ వాసన.

మేస్త్రీ పని చూస్తుంటే ముచ్చటేసింది. పక్క అద్దం దించి, కుడి చేత్తో మెల్లగా అదిమి, అతుకులో నల్లటి గీత ఎక్కడా తెగకుండా సాగుతోందో లేదో తల వంచి చూసుకుంటూ పోతాడు. అద్దానికీ అద్దానికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు సందు ఉండాలి. ఎక్కువ అదిమితే సిలికాన్ అంతా బయటకు వచ్చేస్తుంది, పట్టు ఉండదు.

ఒక సంగతి రాసి పెట్టుకుంటున్నాను. కుడి పక్క అద్దానికి అడుగు అతుకు వేస్తుండగా ట్యూబు అయిపోయింది. కొత్త ట్యూబు కారులో ఉంది. కుర్రాడు కిందికి వెళ్ళి తెచ్చేసరికి పది నిమిషాలైంది. ఆ పది నిమిషాల్లో వేసిన సిలికాన్ మీద పొర కట్టి ఉంటుందా అని మేస్త్రీని అడిగాను. "ఏం కాదక్కా, మీద ఇంకో వరస పోతది" అన్నాడు. అనుభవం ఉన్న మనిషి కదా అని ఊరుకున్నాను.

పై పట్టీలు నాలుగూ, మధ్యలో అడ్డపట్టీ అతికించేసరికి సాయంత్రం ఆరు. "అక్కా, తొందరపడకు. ఎండినట్టే కనబడతది, లోపల పచ్చిగనే ఉంటది. పండగకు ఊరికి పోయి రాండ్రి" అని చెప్పి వెళ్ళాడు.

జనవరి 18

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాం. సిలికాన్‌కు పద్నాలుగు రోజులు దొరికాయి. ఊళ్ళో బాబాయికి చేపల సంగతి చెప్పాను. "ఏమ్మా, పులుసు పెట్టుకునే చేపలకు అంత ఇల్లా!" అని నవ్వి, ఎండాకాలం కాలువలకు నీళ్ళు ఆపేసే వేళకు ఫోన్ చేస్తానన్నాడు.

ఇవాళ నీటి పరీక్ష. ఒకేసారి నింపకుండా ఆరంగుళాలకు ఒకసారి ఆపాను. ముందు అద్దం మధ్యలో దారం లాగి పట్టి ఉబ్బు కొలిచాను. 22 అంగుళాలకు మిల్లీమీటరు కంటే తక్కువ. అతుకుల వెంట బయట వైపు, పండగకు మిగిలిన ముగ్గు పిండి చేత్తో రాశాను. చుక్క తడి తగిలినా పిండి నల్లబడి ముద్దవుతుంది. కంటికి కనబడని చెమ్మ కూడా అలా దొరుకుతుంది.

రాత్రి పదకొండుకు అన్నీ పొడిగా ఉన్నాయి.

జనవరి 20

పొద్దున్న ఐదున్నరకు లేచి టార్చి వేసి చూశాను. కుడి పక్క, అడుగు అతుకు, వెనక నుంచి ఎనిమిదంగుళాల దగ్గర పిండి రూపాయి బిళ్ళంత ముద్దయి ఉంది. వేలు పెడితే తడి. చుక్క కారడం లేదు, ఊరుతోంది. ట్యూబు అయిపోయిన చోటు సరిగ్గా అదే.

ఆ రోజు గట్టిగా అడిగి ఉంటే ఆ అంచు గీకించి మళ్ళీ వేయించేదాన్ని. పది నిమిషాల పని. చాలాసేపు అక్కడే నేల మీద కూర్చున్నాను.

మేస్త్రీ మధ్యాహ్నం వచ్చాడు. లోపల నుంచి ఇంకో వరస సిలికాన్ వేస్తే సరిపోతుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎండిన సిలికాన్ మీద కొత్తది గట్టిగా పట్టదు. నీళ్ళు లోపల నుంచి తోస్తున్నప్పుడు ఆ పూత కొన్నాళ్ళు ఆపుతుందేమో, ఏ అర్ధరాత్రో ఊడితే 590 లీటర్లు కింది వాళ్ళ సీలింగ్ లోకి దిగుతాయి. "విప్పి మళ్ళీ అతికించాలి, దానికి కూలి నేనిస్తాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కూలి వద్దక్కా, తప్పు నాదే, ట్యూబులు దగ్గర పెట్టుకోవాలె" అన్నాడు. ఆ మాటతో నా కోపం సగం పోయింది.

జనవరి 25

కుడి పక్క అద్దం విప్పడానికి ఐదు గంటలు పట్టింది. ముందు ఆ చివర పై పట్టీ ఊడదీశారు. తర్వాత బ్లేడుతో బయటి సిలికాన్ కోసి, సందులోకి సన్నటి స్టీలు తీగ దూర్చి, ఇద్దరూ చెరో వైపు పట్టుకుని రంపంలా లాగారు. అద్దం వదిలినప్పుడు చిన్న చప్పుడు, అంతే.

అతుకు విప్పాక చూస్తే తెలిసింది. పొర కట్టిన పాత వరసకూ దానిమీద వేసిన కొత్త వరసకూ మధ్య వెంట్రుకంత సందు, అందులో బియ్యపు గింజంత గాలి బుడగ. పొడుగునా ఇంకెక్కడా లోపం లేదు, అంతా నున్నగా ఉంది. ఆ ఒక్క చోటే.

పాత సిలికాన్ ఆనవాలు లేకుండా గీకడం నేనే చేశాను. బ్లేడు, ఎసిటోన్, మళ్ళీ బ్లేడు. గోరు పెట్టి లాగితే ఎక్కడా జారకుండా కీచుమనాలి, అప్పుడే శుభ్రమైనట్టు. ఈసారి మూడు ట్యూబులు ముక్కు కోసి, స్టాండు పక్కన స్టూలు మీద వరసగా పెట్టాకే గన్ను పట్టుకోనిచ్చాను.

ఫిబ్రవరి 15

రెండో నీటి పరీక్ష వారం రోజులు సాగింది. ముగ్గు పిండి తెల్లగానే ఉంది. వారం తర్వాత కూడా రోజుకు రెండు సార్లు అటు వెళ్ళి వేలితో తడుముతున్నాను.

ఫిబ్రవరి 22

ప్లంబింగ్. వెనక అద్దం రెండు రంధ్రాలకూ పైపు బిగించే ట్యాంకు నిపుల్స్. ఒక పైపు నిండుగా నీళ్ళు దించుతుంది, దానికి గేట్ వాల్వు ఉంది, దాంతో నీటి మట్టం సరిచేయొచ్చు. రెండోది కాస్త ఎత్తులో ఖాళీగా ఉంటుంది. మొదటి పైపులో ఆకో నత్తో అడ్డం పడితే నీళ్ళు పెరిగి దీనిలోంచి దిగుతాయి. కింది తొట్టిలో మూడు గదులు: స్పాంజీ, సిరామిక్ గుళ్ళు, చివర మోటారు. మోటారు గంటకు 3000 లీటర్లది.

అన్నిటికన్నా నేను భయపడింది కరెంటు పోతే ఏమవుతుందని. మోటారు ఆగితే పైన ఉన్న నీళ్ళు కొంత కిందికి దిగుతాయి. పై తొట్టిలో ఒక్క అంగుళం దిగితే 27 లీటర్లు. కింది తొట్టిలో 45 లీటర్లకు ఖాళీ వదిలాను, సరిపోతుందనుకున్నాను. స్విచ్ ఆపాను. అంగుళం దిగి ఆగాల్సింది ఆగలేదు. మోటారు నుంచి పైకి వెళ్ళే పైపు చివర నీళ్ళలో మూడంగుళాలు మునిగి ఉంది. మోటారు ఆగగానే అదే పైపు వెనక్కి సైఫన్ లాగడం మొదలుపెట్టింది. ఆ మూడంగుళాలూ దిగితే 80 లీటర్లు. కింది తొట్టి అంచుకు వేలెడు దూరంలో ఉండగా పైపు పైకెత్తి పట్టుకున్నాను, మా బాబు బకెట్లు తెచ్చాడు.

పరిష్కారం చాలా చిన్నది. ఆ పైపుకు నీటి మట్టానికి సరిగ్గా కింద 4 మిల్లీమీటర్ల రంధ్రం. నీళ్ళు దిగగానే రంధ్రంలోంచి గాలి లోపలికి పోయి సైఫన్ తెగిపోతుంది. వేశాక పది సార్లు ఆపి చూశాను, పది సార్లూ 30 లీటర్ల దగ్గరే ఆగింది. రంధ్రంలో నాచు పేరుకుంటే మూసుకుపోతుంది కాబట్టి ప్రతి ఆదివారం టూత్‌పిక్‌తో శుభ్రం చేయాలి. ఈ పని క్యాలెండరులో రాశాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఈ పాయింటుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టాడు. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళేలా కట్టాం. వైరు వెంట కారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది.

మార్చి 1

ఇసుక కడగడంతో రెండు రోజులు పోయాయి. 80 కిలోలు, బకెట్‌కు సగం చొప్పున, పైపు అడుగు దాకా దించి, నీళ్ళు తేటగా పొర్లేదాకా. బొమ్మిడాయి ఇసుకలో దూరే చేప. గరుకు కంకరైతే ఒళ్ళు గీసుకుపోతుంది, అందుకే సన్న ఇసుకే కావాలి. జల్లెడ పట్టి గుండ్లన్నీ తీసేశాను.

రాళ్ళకు డబ్బు పెట్టలేదు. పక్క సైటులో పునాది తవ్వితే వచ్చిన గ్రానైటు ముక్కలు తెచ్చుకున్నాను. హైదరాబాదు నిలబడిందే ఆ రాతి మీద కదా. రాయి పనికొస్తుందో లేదో వెనిగర్ చెబుతుంది. గ్రానైటు మీద పోస్తే ఏమీ కాలేదు. ఇంట్లో మిగిలిన షాబాదు బండ ముక్క గీసి పోస్తే నురగ వచ్చింది. అది సున్నపు రాయి, నీళ్ళలో మెల్లగా కరిగి నీళ్ళ కఠినత్వం పెంచుతుంది. పక్కన పెట్టేశాను. ఎండిన జామ కొమ్మ ఒకటి బెరడు ఒలిచి మూడు వారాలుగా డ్రమ్ములో నానబెట్టాను. నీళ్ళు టీ రంగులోకి దిగాయి, ఇప్పుడు తగ్గింది.

మా బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 860, మున్సిపల్ నీళ్ళది 310. మున్సిపల్ నీళ్ళే వాడాను, క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వేశాను.

మార్చి 8 – మార్చి 29

చేపలు లేకుండానే తొట్టిని నడపాలి. చేప విసర్జించే అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా, ఇంకో జాతి నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది కొంత మేరకు పర్వాలేదు. ఆ బాక్టీరియా ఫిల్టర్‌లో కాపురం పెట్టేదాకా చేప వేయకూడదు. బాక్టీరియాకు విత్తనంగా పాత తొట్టి స్పాంజీని పిండి ఆ నీళ్ళు కొత్త ఫిల్టర్‌లో పోశాను, వాటికి మేతగా అమ్మోనియా రెండు పీపీఎం (లీటరుకు రెండు మిల్లీగ్రాములు) వచ్చేలా అమ్మోనియం క్లోరైడు వేశాను.

మార్చి 8: అమ్మోనియా 2, నైట్రైటు 0.
మార్చి 15: అమ్మోనియా 0.5, నైట్రైటు కిట్టులో ముదురు ఊదా, కొలతకు అందడం లేదు.
మార్చి 22: అమ్మోనియా 0, నైట్రైటు ఇంకా 2.
మార్చి 28: సాయంత్రం 2 పీపీఎం వేస్తే మర్నాడు సాయంత్రానికి రెండూ సున్నా.

వాలిస్నేరియా, హైడ్రిల్లా అనే నీటి మొక్కలు నాటాను. పొటాషియం పర్మాంగనేటు లేత గులాబీ నీళ్ళలో పది నిమిషాలు ముంచి తీశాకే లోపల పెట్టాను.

ఏప్రిల్ 5

బాబాయి ఫోన్ చేశాడు. కాలువకు నీళ్ళు ఆపేశారు, బోదె మడుగుల్లో నీళ్ళు ఇంకిపోతున్నాయి, వస్తే రా అన్నాడు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, అక్కడి నుంచి ఒక్క చేపనూ తేవాలనుకోలేదు. ఈ మడుగుల్లోవి ఎలాగూ వారంలో ఎండిపోయేవి, లేదా కొంగల పాలయ్యేవి.

బాబాయి రాత్రి మావు (చేపలు దూరి చిక్కుకునే బుట్ట) పెట్టి ఉంచాడు. పొద్దున్నే ఎత్తితే పరిగెలు, గౌరామీలు, రెండు జెల్లలు, అరచేయంత కొర్రమీను పిల్ల. కొర్రమీను తీసుకెళ్దామని బాబు పట్టుబట్టాడు. తెలంగాణ రాష్ట్ర చేప అదే కదా అని వాడి వాదన. అది మూడడుగుల దాకా పెరుగుతుంది, మిగతా వాటిని మింగేస్తుంది అని చెప్పి, నీళ్ళున్న పెద్ద మడుగులో వాడి చేతే వదిలించాను. జెల్లలనూ వదిలేశాం. గాజు చేపలు చేతి వలలో దొరికాయి. చిన్న రకం బొమ్మిడాయిలు రెండు బురదలో బాబాయే పట్టాడు, గుడ్డ చుట్టుకుని, వీపు మీద ముళ్ళు గుచ్చుకోకుండా.

కైకలూరులో చేప పిల్లల వ్యాపారం ఊరంతా ఉంది, ఆక్సిజన్ పట్టి కవర్లు కట్టించడం అరగంట పని. థర్మోకోల్ పెట్టెల్లో సర్ది రాత్రి బయల్దేరాం. ఏడు గంటల ప్రయాణం. ఒక్కటీ చనిపోలేదు.

ఏప్రిల్ 12

తెచ్చినవన్నీ పాత మూడడుగుల తొట్టిలోనే ఉన్నాయి, నాలుగు వారాలు అక్కడే. ఇవాళ ఒక పరిగె రెక్క కింద పలుచని గుండ్రటి మచ్చ కదులుతూ కనబడింది. చేప పేను. చెరువుల రైతులకు బాగా తెలిసిన పురుగే. తడి గుడ్డలో చేపను పట్టుకుని చిమటాతో తీసేశాను. మిగతా చేపల మీద ఏమీ లేవు, కానీ గుడ్లు అద్దానికి పెట్టి ఉండొచ్చు. లెక్క ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలు.

షాపులో సక్కర్ చేప వేసుకోండి, నాచు తింటుంది అన్నారు. వద్దన్నాను. ఇళ్ళ తొట్ల నుంచి బయట వదిలిన ఆ చేపలే మన చెరువుల్లో, కాలువల్లో పెరిగిపోయి వలలు చింపుతున్నాయి. బాబాయి వాళ్ళకు దాని బాధ తెలుసు.

మే 10

చేపలు పెద్ద తొట్టిలోకి మారాయి. పరిగెలు పన్నెండు, గాజు చేపలు పది, గౌరామీలు ఆరు, బొమ్మిడాయిలు రెండు. కవరు గంటసేపు తేల్చి, గ్లాసుతో కొంచెం కొంచెం ఈ నీళ్ళు కలిపి, తర్వాత వలతో వదిలాను.

పరిగెలు మొదటి అరగంట మూలన ముద్దగా నిలబడ్డాయి. తర్వాత ఒకటి బయల్దేరింది. వెనకే అన్నీ. ఆ చివరి దాకా వెళ్ళి తిరిగి, ఈ చివరకు వచ్చి తిరిగి, మళ్ళీ. అమ్మ కుర్చీ జరుపుకుని దగ్గరగా కూర్చుంది.

మే 18

బయట 42 డిగ్రీలు. నిన్న మధ్యాహ్నం తొట్టిలో నీళ్ళు 31.5. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పడుతుంది, 32 దగ్గర 7.3 మాత్రమే. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ధర చూసి ఆగిపోయాను. నీటి మట్టం మీదికి వాలుగా రెండు కంప్యూటర్ ఫ్యాన్లు బిగించాను, ఇవాళ అదే వేళకు 28.8. దానికి బదులుగా రోజుకు ఏడు లీటర్లు ఆవిరైపోతున్నాయి. నీళ్ళు ఆవిరైతే లవణాలు లోపలే మిగులుతాయి కాబట్టి, ఆ ఏడు లీటర్లూ ఆర్వో నీళ్ళే పోస్తున్నాను. బొమ్మిడాయి సందు దొరికితే బయటకు పాకుతుంది, అందుకని ఫ్యాన్ల చుట్టూ దోమతెర మెష్ అంటించాను.

ఎండ విషయంలో చల్లటి కొండవాగు చేపలైతే ఎంత టెన్షన్ పడేదాన్నో. ఇవి మే నెలలో మడుగులో మోకాలి లోతు వేడి నీళ్ళు చూసిన చేపలు. గౌరామీలు నిమిషానికోసారి పైకి వచ్చి గాలి గుటక వేసి వెళ్తున్నాయి. అది వాటి అలవాటే. పరిగెలు పైకి రావడం లేదు, నేను చూసుకునేది వాటినే.

బొమ్మిడాయిలు వారం రోజులుగా కనబడలేదు. రాత్రి లైటు తీశాక వానపాము ముక్కలు జామ కొమ్మ పక్కన వేసి టార్చికి ఎర్ర కాగితం చుట్టి కూర్చున్నాను. పావుగంటకు ఇసుక కొద్దిగా కదిలింది. ముందు సన్నటి ముక్కు, తర్వాత కళ్ళు రెండూ. అలాగే ఆగి చూసింది. వానపాము వైపు ముక్కు తిప్పి, వాసన పట్టి, జానెడు ఒళ్ళు ఒక్కసారిగా బయటకు లాగి ముక్క అందుకుని, మళ్ళీ తోక వైపు నుంచే ఇసుకలోకి దిగిపోయింది. అమ్మను లేపి చూపించాను. "మా అమ్మ వీటిని బూడిద రాసి తోమేది, జిగురు పోవడానికి" అని చెప్పి, ఇంకోటి వస్తుందేమో చూద్దామని పక్కనే కూర్చుంది. పన్నెండున్నర దాకా చూశాం, రెండోది రాలేదు.

రేపు ఆదివారం కాదు గానీ, సైఫన్ రంధ్రం ఒకసారి చూడాలి.